నా నోరు తగ్గిన ఏడాది

మా వైపు మనుషులు మామూలుగా మాట్లాడుకుంటున్నా కొత్తవాళ్ళకు కొట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. పర్చూరు బస్సులో ఇద్దరు ఆడవాళ్ళు వంకాయల గురించి మాట్లాడుకుంటుంటే, ఊరికి కొత్తగా వచ్చిన బ్యాంకు ఉద్యోగి ఒకాయన లేచి వచ్చి సర్దిచెప్పబోయాడు. అలాంటి చోట కూడా నన్ను చూపించి "ఆమెకు నోరు కాస్త ఎక్కువ" అనేవాళ్ళంటే నా నోరు ఏపాటిదో మీరే ఊహించుకోండి. నాకు అందులో సిగ్గేమీ లేదు. గట్టు మీద నిలబడి "బావా" అని ఒక్క కేక వేస్తే కాలవ అవతల పత్తి చేలో మందు కొడుతున్న మా ఆయన తలెత్తి చూసేవాడు. ఆయనతోపాటు చుట్టుపక్కల చేలల్లో ఉన్న బావలందరూ తలలెత్తేవాళ్ళు. సెల్‌ఫోన్లు వచ్చాక అందరూ రీచార్జీలు చేయించుకుంటుంటే నాకు అదంతా దండగ వ్యవహారంగా కనిపించేది.

మా ఆయన నాకు మేనత్త కొడుకు. మా అత్తగారు నాకు ముందు నాన్న చెల్లెలు, ఆ తర్వాతే అత్తగారు. పుట్టినప్పటి నుంచి నన్ను చూసిన మనిషి, నా నోటి సంగతి తెలియక చేసుకున్నానని చెప్పుకోవడానికి ఆమెకు వీల్లేదు. పెళ్ళయితే తగ్గుతుందిలే అనుకుంది. పిల్లలు పుడితే తగ్గుతుందిలే అనుకుంది. మా పిల్లలు బడికెళ్ళే వయసుకొచ్చాక, ఒక పెళ్ళిలో వంటవాళ్ళతో నేను పెట్టుకున్న గొడవ పందిరి బయటికి కూడా వినిపించిన రోజున, ఇది మనుషుల వల్ల అయ్యేది కాదని తేల్చుకుని పోలేరమ్మకు మొక్కుకుంది. కోడలి నోరు తగ్గితే పొంగలి పెడతానని. ఈ మొక్కు సంగతి ఊరందరికీ తెలుసు, నాకు తప్ప.

మా అత్త మాత్రం ఊరు మొత్తం మీద నెమ్మదైన మనిషి. మాట మెల్లగా, నడక మెల్లగా, కోపమన్నది ఎరగదు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లలకు ఆమెను చూపించి "కోడలంటే అట్టా ఉండాల" అని చెప్పేవాళ్ళు. నన్ను చూపించి ఏం చెప్పేవాళ్ళో నేను అడగలేదు.

ఆ ఏడు పత్తి తీతలప్పుడు మొదలైంది. ముందు నిద్ర. పత్తి మూటకు ఆనుకుని కూర్చుంటే చాలు, కళ్ళు మూతలు పడేవి. తర్వాత ఒళ్ళు. అన్నం తగ్గించినా ఒళ్ళు పెరుగుతూనే ఉంది. జాకెట్లు బిగుతవుతున్నాయని దర్జీని అనుమానించి ఒక పూట వాడి కొట్టు ముందు కూర్చున్నాను, కానీ తిట్టడానికి వెళ్ళినదాన్ని వాడి కుర్చీలోనే కునుకు తీశాను. తల దువ్వుకుంటే వెంట్రుకలు చేతినిండా వచ్చేవి. వీటన్నిటి మధ్యలో గొంతు బొంగురుపోయింది. అంతకంటే పెద్ద దెబ్బ ఏమిటంటే, తిట్టడానికి నోరు తెరిచాక ఏమని తిట్టబోయానో మర్చిపోయేదాన్ని. "నీ..." అని మొదలుపెట్టి, మిగతాది దొరక్క, "సరేలే, పో" అనేదాన్ని. అవతలి మనిషి తనకు కలిగిన అదృష్టాన్ని నమ్మలేక అక్కడే నిలబడిపోయేవాడు.

ఇంట్లో పండగ వాతావరణం. మా అత్త ముఖం కళకళలాడిపోయింది. నీళ్ళ ట్యాంకు దగ్గర, రేషన్ షాపు దగ్గర, కనిపించిన ప్రతివాళ్ళకూ "మా కోడలు మారిందమ్మా" అని చెప్పుకుంది. పక్కింటావిడ వచ్చి నన్ను ఎగాదిగా చూసి, "నిజమేనే అక్కయ్యా, మొహంలో కూడా శాంతం వచ్చింది" అంది. అది శాంతం కాదు, వాపు. ఆ సంగతి ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

ఒక ఆదివారం పొద్దున్నే మా అత్త కొత్త కుండకు పసుపు రాసి, బొట్లు పెట్టి, నా నెత్తిన పెట్టింది. "ఎందుకత్తా?" అంటే "మొక్కులే" అంది. నేను మరి అడగలేదు. అదే పాత నేనైతే ఏం మొక్కు, ఎప్పుడు మొక్కావు, ఎవరి కోసం అని గుడిదాకా ప్రశ్నలతో చంపేదాన్ని. తిరుపతి కొండ మీద చలికి కొన్న స్వెట్టరొకటి ఉండేది. అది తొడుక్కుని, మిట్టమధ్యాహ్నపు ఎండలో పొంగలి కుండ మోసుకుంటూ, మా అత్త వెనక నడిచాను. దారి పొడుగునా ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూశారు. పోలేరమ్మ ముందు పొయ్యి రాజేసి, పాలు పొంగుతుంటే, మా అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుని దణ్ణం పెట్టింది. నేను పొయ్యి సెగకు దగ్గరగా జరిగి కూర్చున్నాను. నాకు ఆ రోజంతటిలో అదొక్కటే హాయిగా ఉంది. నా రోగానికి పొంగలి వండి పెట్టి, అందులో పెద్ద గరిటెడు ప్రసాదం నేనే తిన్నాను. ఇప్పుడు తల్చుకుంటే నవ్వు ఆగదు.

ఊళ్ళో ఈ మార్పు నచ్చని మనిషి ఒక్కడే ఉన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో నా తిట్లన్నీ ఎవరి మీద పడ్డాయో ఆయనే. మా ఆయనకు మొదట బాగానే ఉండిందట. తర్వాత తర్వాత ఇంటికొస్తే ఏదో వెలితిగా ఉండేదట. బురద కాళ్ళతో వంటింట్లోకి వచ్చి నిలబడి చూసేవాడు. నేను ఆ కాళ్ళ వంక చూసి, "అన్నం పెట్టనా?" అనేదాన్ని. ఆయన తనే బయటికి వెళ్ళి కాళ్ళు కడుక్కొచ్చేవాడు.

మిరప కోతలు నడుస్తుండగా తేలింది అసలు సంగతి. కోసిన కాయ కల్లంలో ఆరబోస్తాం. కల్లమంటే మరేం లేదు, చదును చేసిన నేల మీద పరదాలు పరిచి, ఎర్రటి కాయలు పలచగా నెరిపి, ఎండే దాకా కాపలా ఉండే చోటు. ఆ కాపలా ఎప్పుడూ నాదే. కాకి వాలాలన్నా నన్ను అడిగి వాలాలి అని కూలికొచ్చే ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. నేను స్వెట్టర్ మీద దుప్పటి కప్పుకుని, చెవులకు మఫ్లరు చుట్టుకుని, కాయల పక్కన కూర్చున్నాను. "ఏందక్కా, చలిజరమా?" అని అడిగారు. "కాదులే, బాగుంది ఎండ" అన్నాను. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

అంతలో ఎవరిదో గేదె ఒకటి తాడు తెంపుకుని వచ్చింది. నేను దాన్ని చూశాను. అది నన్ను చూసింది. తర్వాత నింపాదిగా కాయల మీదికి ఎక్కి, ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి, అక్కడ కాసేపు ఆలోచించి, మళ్ళీ ఈ చివరికి నడిచింది. కాళ్ళ కింద కాయలు చిటపటమంటున్నాయి. గట్టు మీద నుంచి మా ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"గేదె తొక్కతంది గదే! కనపడట్లా?"

"కనపడతంది బావా. పోనీలే. అది మాత్రం ఎన్నాళ్ళు బతుకుద్ది?"

ఆయన గేదెను అదిలించి వచ్చి నా పక్కన కూలబడ్డాడు. మొహంలో రంగు లేదు. గేదె తొక్కిన కాయలు నాలుగు ఏరి పక్కన పెడుతూ అన్నాడు.

"ఒకసారి నన్ను తిట్టవే."

"ఎందుకు బావా?"

"ఎందుకో ఒకందుకు. కారణాలు లేకనా? ఆమధ్య తుపానప్పుడు ఎరువు కట్టలు వానకి వదిలేశా. తడిసినయ్యి."

నేను నిజంగానే ప్రయత్నించాను. ఎరువు కట్టలంటే చిన్న విషయమా! కడుపులోంచి కోపాన్ని పిలిచాను. అది సగం దూరం వచ్చి పడుకుంది. "ఓపిక లేదు బావా, రేపు తిడతాలే" అన్నాను. మా ఆయన తల తిప్పుకుని తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. మిరప ఘాటుకేమో అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే బండి మీద కూర్చోబెట్టుకుని చీరాల తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మగారు "ఏమ్మా, ఏంటి ఇబ్బంది?" అని నన్ను అడిగారు. నేను ఆలోచించి జవాబు చెప్పేలోపు మా ఆయన అందుకున్నాడు.

"తిట్టడం మానేసిందండీ."

బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు కూడా నవ్వారు. డాక్టరమ్మగారూ నవ్వారు. కానీ ఆమె నవ్వు మధ్యలోనే ఆగిపోయింది, ఎందుకంటే నేను "మేడమ్, ఆ ఫ్యాను కాస్త కట్టేస్తారా" అన్నాను. అప్పుడు నా స్వెట్టర్ చూశారు. చెయ్యి పట్టుకుని నాడి చూశారు. మెడ ముందు వేళ్ళతో తడిమి నీళ్ళు మింగమన్నారు. చిన్న సుత్తితో మోకాలి కింద కొడితే నా కాలు తీరిగ్గా లేచి, తీరిగ్గా దిగింది. విరేచనం సాఫీగా అవుతుందా, నెలసరి సరిగ్గా వస్తుందా, చర్మం పొడిబారుతుందా, మతిమరుపు ఉందా అని ఒక్కొక్కటే అడుగుతుంటే నాకు ఆశ్చర్యమేసింది. ఈమెకు మా ఇంటి సంగతులన్నీ ఎవరు చెప్పారు?

రక్తపరీక్షలో తేలింది, థైరాయిడ్. మెడ ముందు ఉండే చిన్న గ్రంథి. అది తయారుచేసే హార్మోను తగ్గిపోతే ఒళ్ళంతా నెమ్మదిస్తుందని, గుండె, పేగులు, బుర్ర, గొంతు, అన్నీ అని డాక్టరమ్మగారు చెప్పారు. మా ఆయన శ్రద్ధగా విని, "అంటే బోరు మోటారుకి ఓల్టేజీ తగ్గినట్టన్నమాట" అన్నాడు. "అంతేనయ్యా" అన్నారామె. నా గురించి ఆయన చెప్పిన మాటల్లో ఇంత సరైన మాట ఇంకొకటి లేదు.

రోజూ ఒక చిన్న మాత్ర. పరగడుపున. బహుశా జీవితాంతం. "మళ్ళీ మామూలు మనిషినవుతానా మేడమ్?" అని అడిగాను. "అవుతావమ్మా, కానీ టైము పడుతుంది. మాత్ర మాత్రం మానొద్దు" అన్నారు.

ఇంటికొచ్చి చెబితే మా అత్త కుంపటి ముందు కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. "నోరు తగ్గాలని నేనే గదమ్మా అడిగింది, ఆ తల్లి ఇట్టా ఇచ్చిందా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ మొక్కు సంగతి నాకు తెలిసింది అప్పుడే. పాత నేనైతే ఆ పూట ఇల్లు పీకి పందిరేసేదాన్ని. "పోనీలే అత్తా, పొంగలి బాగా కుదిరింది" అన్నాను. ఆమె ఇంకా ఎక్కువ ఏడ్చింది.

మాత్ర మొదలైంది. వారాలు గడుస్తున్నాయి, నాలో పెద్ద తేడా లేదు. కల్లం ఎత్తేశారు, కాయ బస్తాలకెక్కింది, ఎండలు ముదిరాయి, నేను స్వెట్టర్‌లోనే ఉన్నాను. అప్పుడు నాకు భయమేసింది. పోతానేమోనన్న భయం కాదు. నేను ఇలాగే ఉండిపోతానేమోనని, ఊరికి నచ్చిన ఈ మెత్తటి మనిషే ఇకనుంచి నేనని, కాలవ అవతలికి వినబడే ఆ మనిషి మళ్ళీ రాదని. ఆమె అంటే నాకు ఎంత ఇష్టమో అప్పుడు తెలిసింది. గొంతు వస్తుందేమోనని చేలోకి వెళ్ళి ఒక్కదాన్నే "బావా" అని కేకేసి చూసేదాన్ని. ఆ కేక గట్టు కూడా దాటేది కాదు.

రెండోసారి పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ అనే అంకె కొద్దిగానే తగ్గింది. రోగం ముదిరేకొద్దీ అది పెరుగుతుందట. డాక్టరమ్మగారు నొసలు చిట్లించి, "మాత్ర ఎలా వేసుకుంటున్నావమ్మా?" అని అడిగారు.

"మీరు చెప్పినట్టే మేడమ్, పరగడుపునే."

"నీళ్ళతోనేగా?"

"కాదండీ, కాఫీతో."

ఆమె పెన్ను కింద పెట్టేశారు. "కాఫీతో అయితే పరగడుపు ఎలా అవుతుందమ్మా?"

ఆ ప్రశ్న మాకు అర్థం కాలేదు. నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా ఇళ్ళలో కాఫీని తిండి కింద ఎవరు లెక్కేస్తారు? ఏకాదశికి కటిక ఉపవాసం ఉన్నవాళ్ళు కూడా కాఫీ తాగుతారు. తెల్లారి లేచి కాఫీ తాగి, గుడికి వెళ్ళొచ్చి, "ఇంకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు" అని ప్రమాణం చేస్తారు, అది అబద్ధమని ఎవరికీ తోచదు. పరగడుపంటే కాఫీ తాగిన కడుపే. ఆ విషయం ఆమెకు వివరంగా చెప్పాను. డాక్టరమ్మగారు ఓపిగ్గా విని, కాఫీ తోడైతే ఆ మాత్ర సరిగ్గా ఒంటికి పట్టదని, లేవగానే మంచినీళ్ళతో వేసుకుని, కనీసం గంటసేపు ఏమీ తాగకూడదని, మోకాళ్ళ కోసం వాడుతున్న కాల్షియం మాత్రను ఇంకా చాలా గంటల తర్వాత విడిగా వేసుకోవాలని చెప్పారు. నేను మూడింటినీ కలిపి ఒకే గుక్కలో మింగుతున్నాను.

పనిలో పనిగా ఇంట్లో ఏ ఉప్పు వాడతారని అడిగారు. మా అత్త రాళ్ళ ఉప్పు తప్ప ముట్టదు. సముద్రం వైపు మడుల నుంచి వచ్చే ఉప్పు, జాడీలో నింపుకుని ఏడాదంతా వాడుతుంది. "మీకు రోగం వచ్చింది ఉప్పు వల్లేనని నేను చెప్పను, అయోడిన్ ఉప్పు వాడితే ఇది నయమైపోతుందనీ చెప్పను, అది మోతాదు మించినా మంచిది కాదు. కానీ ఇంట్లో పిల్లలు, కడుపుతో ఉండబోయే ఆడపిల్లలు ఉంటారు. రోజూ కూరలోకి అయోడిన్ ఉప్పే వాడండి" అన్నారు. ఇంటికి తెస్తే మా అత్త ప్యాకెట్ ఉప్పును వేలితో తీసి నాలిక్కి రాసుకుని, "బూడిద" అంది. చివరికి రాజీ కుదిరింది. పచ్చళ్ళకు రాళ్ళ ఉప్పు, కూరకూ పప్పుకూ ప్యాకెట్ ఉప్పు, ఆ ప్యాకెట్‌కు పొయ్యికి దూరంగా మూత ఉన్న డబ్బా.

ఉప్పు కన్నా కాఫీతో పెద్ద గొడవ వచ్చింది. మా ఇంట్లో తెల్లారగట్ల మా అత్త డికాక్షన్ దింపి, చిక్కటి గేదె పాలు కలిపి, గ్లాసు తెచ్చి చేతిలో పెడుతుంది. పెళ్ళయినప్పటి నుంచి ఒక్క రోజు తప్పలేదు. ఇప్పుడు నేను "వద్దత్తా, గంట ఆగాలి" అంటే ఆమె మొహం చిన్నబోయింది. మొక్కు సంగతి మనసులో పెట్టుకుని ముట్టడం లేదనుకుంది. నేను ఎంత చెప్పినా వినదు. మర్నాడు చూస్తే ఆమె గ్లాసు కూడా మూతేసి ఉంది. "నువ్వు తాగకుండా నా గొంతులో ఎట్టా దిగుద్దే?" అంది. ఇక మా ఇద్దరికీ అదే పని. పెరటి మెట్ల మీద పక్కపక్కన కూర్చోవడం, కాఫీ వాసన పీల్చుకోవడం, గోడ గడియారాన్ని తిట్టుకోవడం. మా ఆయన మాత్రం మా ఎదురుగానే చప్పరిస్తూ తాగేవాడు. కావాలనే చప్పరించేవాడు.

వర్షాలు పడ్డాక, మిరప నారు కోసం నర్సరీకి వెళ్ళాం. అక్కడి మనిషి ట్రేలు తెచ్చి ట్రాలీలో సర్దేస్తున్నాడు. నేను ఒక మొక్క తీసి చూశాను. ఆకు ముడుచుకుని ఉంది. ఇంకోటి తీశాను, అదీ అంతే. "ఇది ముడత పట్టిన నారు గదయ్యా" అన్నాను. "అబ్బే, ఎండకు అట్టా ఉందమ్మా, నాటితే తేరుకుంటది" అన్నాడు వాడు, నా మొహం కూడా చూడకుండా.

అప్పుడు జరిగింది. అరవాలని నేను అనుకోలేదు. ఆ రోజు కల్లంలో సగం దూరం వచ్చి పడుకున్న కోపమే లేచి, గొంతు దాకా వచ్చి, ఎక్కడా ఆగకుండా బయటికి వచ్చేసింది. "ఏమయ్యోయ్! ఎండ నీ నారుకే తగిలిందా? పక్క ట్రేకి గొడుగు పట్టావా? మా చేలో ముడత నాటించి మా నోట్లో మట్టి కొడతావా? దించు! దించుతావా, నన్ను దించమంటావా?" మాట తర్వాత మాట, ఒక్కటీ తడబడకుండా, ఒక్కటీ మర్చిపోకుండా. షెడ్డు అవతల పనిచేస్తున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. చెట్టు మీద కొంగలు లేచిపోయాయి. నర్సరీ మనిషి రెండు చేతులూ జోడించి ట్రేలు దించేశాడు. నేను వెనక్కి తిరిగి చూస్తే, మా ఆయన ట్రాక్టరు చక్రానికి ఆనుకుని నేల మీద కూర్చుని పగలబడి నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి లేచి, "నన్ను కూడా తిట్టవే, ఎరువు కట్టలు బాకీ ఉన్నయి" అన్నాడు. దారి పొడుగునా తిట్టాను. ఇంటికొచ్చేసరికి ఇద్దరికీ ఆకలి దంచేసింది.

అన్నీ వెనక్కి రాలేదు. పెరిగిన ఒళ్ళు కొంత నాతోనే ఉండిపోయింది, జుట్టు పాత జడంత కాలేదు. కానీ పొద్దున లేస్తే లేచినట్టు ఉంది. కూలికొచ్చే ఆవిడొకామె "బాగైపోయావు గదక్కా, ఇంకెందుకు ఆ మాత్రలు" అంది. "మోటారు నడుస్తంది గదా అని కరెంటు పీకేస్తామా?" అన్నాను. తర్వాతి పరీక్షలో నా అంకె చూసి డాక్టరమ్మగారు సంతోషించి, ఇది కొన్ని కుటుంబాల్లో నడుస్తుందని, నా ఆడపిల్లకు, ముఖ్యంగా రేపు పెళ్ళయి కడుపుతో ఉన్నప్పుడు మొదట్లోనే, పరీక్ష చేయించమని, మా పుట్టింటి వైపు ఆడవాళ్ళకు కూడా చెప్పమని అన్నారు. పుట్టింటి వైపు పెద్ద ఆడమనిషి మా ఇంట్లోనే, మా వంటింట్లోనే ఉంది.

"నాకేం రోగమే? నేనెప్పుడూ ఇంతే" అంది మా అత్త. ఎండాకాలంలో కూడా కాళ్ళకు దుప్పటి కావాలి. "ఎప్పుడూ ఇంతే." మధ్యాహ్నం కూర్చున్నచోటే కునుకు. "ఎప్పుడూ ఇంతే." గొంతు పైకి రాదు. "ఎప్పుడూ ఇంతే." నాకు గొంతు తిరిగొచ్చింది కాబట్టి దాన్ని ఆమె మీదే వాడి, చీరాల తీసుకెళ్ళాను. ఆమె అంకె నా మొదటి అంకె కంటే ఎక్కువ వచ్చింది. ఎప్పటి నుంచి ఇలా ఉందమ్మా అని అడిగితే, మా అత్త చాలాసేపు ఆలోచించి, "చిన్నది పుట్టిన కాడి నుంచీ ఇట్టానే ఉన్నానమ్మా" అంది. ఆ చిన్నదానికి, అంటే మా ఆయన చెల్లెలికి, ఇప్పుడు పిల్లలున్నారు. అప్పటి నుంచేనని ఇప్పుడు ఖాయంగా చెప్పలేమని, వయసు దృష్ట్యా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుదామని డాక్టరమ్మగారు మాత్ర రాసిచ్చారు.

ఇప్పుడు పెరటి మెట్ల మీద కాఫీ కోసం ఇద్దరం నిజంగానే ఎదురుచూస్తున్నాం. కొన్నాళ్ళకు మా అత్త మాట్లాడటం మొదలుపెట్టింది. నాకు అలవాటు లేదు, మా ఇంట్లో మాట్లాడేది నేను. ఒక పొద్దున ఉన్నట్టుండి ఒక చీర గురించి చెప్పింది. ఆమె పెళ్ళికి మా తాతయ్య చీరాలలో మగ్గం దగ్గర కూర్చుని నేయించిన కుప్పడం చీర, ఉల్లిపొర రంగు. ఒక్కసారే కట్టిందట. చిన్నది పుట్టిన మరుసటి ఏడు, తన ఆడపడుచు పెళ్ళికి, మా మామయ్య ఆమె పెట్టెలోంచి ఆ చీర తీసి, చెప్పకుండా, చెల్లెలి చేతిలో పెట్టేశాడట. మా అత్త పక్కనే నిలబడి చూసింది. ఒక్క మాట అనలేదు. ఊరంతా మెచ్చుకుంది. బంగారం లాంటి కోడలన్న పేరు ఆ రోజు నుంచే వచ్చిందట.

"కోపం రాలేదా అత్తా?"

"రాకేం? లోపల అరిచానే. నోటి దాకా తెచ్చుకునే సత్తువ లేకపాయె. అందరూ మంచిదాన్నన్నారు." మూతేసిన కాఫీ గ్లాసు వంక చూసింది. "నేను కూడా నమ్మాను."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. అది వెచ్చగా ఉంది. గంట ఇంకా కాలేదు. ఆమె నా చెయ్యి విడిపించుకుని, ఒళ్ళో ఉన్న నా ఫోన్ తీసి, "అద్దంకి కలుపు" అంది. ఆ ఆడపడుచుది అద్దంకి. ఇంత పొద్దున్నే ఏంటత్తా అన్నాను. "కలపమంటన్నా గదా!" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. కలిపాను.

అవతల "హలో" అనగానే మొదలైంది. "ఏమమ్మా, బాగుండావా? బాగుంటావులే, నా చీర కట్టుకుని! మా నాయన నాకు నేయించిన చీర అది, మీ అన్న నేయించిందేం కాదు. నన్ను అడిగావా? ఒక్కసారి, ఒక్కసారన్నా అడిగావా?" పక్కింటి కుక్క మొరగడం మొదలుపెట్టింది. మా ఆయన కాఫీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చి, వాళ్ళమ్మను చూసి, చప్పరించడం మర్చిపోయాడు. మా అత్త లేచి నిలబడింది, కొంగు జారిపోతున్నా పట్టించుకోలేదు, పెరడంతా అటూ ఇటూ తిరుగుతూ అరిచింది. అరిచి అరిచి ఊపిరి కోసం ఆగింది.

ఫోన్‌లో అవతలి మనిషి భయంభయంగా, "వదినా... నువ్వేనా?" అంది.

"నేనే" అంది మా అత్త. "చీర తీసి పెట్టు. పదింటి బస్సుకు వస్తన్నా."

ఫోన్ నా చేతిలో పెట్టి మెట్టు మీద కూలబడింది. మెడ తడుముకుంటూ, నవ్వుతూ, కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతుంటే, "గొంతు నొప్పి పుట్టిందే" అంది. "ఇంత బాగుంటదని నాకెవరూ చెప్పలేదేందే?"